పానశాలలో ఉగాది విందు తగునా?

పుణే నగరమున చదువులును ఉద్యోగములును చేయుచున్న మన పిల్లలు కొందరు ఈ యేడు ఉగాదికి అక్కడనే యొక సమావేశము జరుపుకొనదలచి మన సంఘమునకు ఉత్తరము వ్రాసిరి. తలపు మంచిది. చంద్రపూరు, బల్లార్‌పూరు, రాజురా, ఘుగ్గుసులలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు వందల కిలోమీటర్ల దూరమున నొకచోట గూడి, పచ్చడి తిని, నాలుగు తెలుగు మాటలు మాటలాడుకొందురనిన సంతోషింపనివారెవరు? అయితే ఆ ఉత్తరము చివర నొక వాక్యము గలదు. సమావేశమునకు వారు కోరుకొన్న స్థలము, తానే బీరు వండి తానే అమ్మునట్టి యొక పానశాల. అందుకగు వ్యయములో కొంత సంఘపు ఉగాది నిధి నుండి ఇప్పింపవలసినదని వారి కోరిక.

కార్యవర్గమున దీనిపై రెండు గంటలు వాదము జరిగినది. 'కాలము మారినది' అని కొందరు, 'ఇంతకంటె అప్రతిష్ఠ లేదు' అని కొందరు. ఆ స్థలమును కన్నులార చూచినవారు మాత్రము ఒక్కరును లేరు. చూడనిదానిని పొగడుటయు తెగడుటయు పత్రికకు తగదని తలచి మేము ముగ్గురము పుణేకు పోయి చూచివచ్చితిమి. మాలో నొకరు పత్రికా వ్యవహారములు చూచువారు; ఒకరు విశ్రాంత ఉపాధ్యాయిని; మూడవవారు ఎనుబది యేండ్ల పెద్ద, యౌవనమున రాజురా ప్రాంతమున తాళ్ళు గీచి బ్రదికినవారు. చూచినదానిని దాపరికము లేక వ్రాసి, పిమ్మట మా యభిప్రాయము చెప్పెదము. ఆ పానశాల పేరు వ్రాయము; వ్రాసిన నిది ప్రకటన యగును.

ఇట్టి స్థలములను మైక్రోబ్రూవరీలనియు బ్రూపబ్బులనియు పిలుచుచున్నారు. పెద్ద కర్మాగారమున చేసి, సీసాలకెత్తి, లారీలలో ఊరూరికిని పంపు బీరు కాదిది. ఒక్క కప్పు క్రిందనే కాచి, పులియబెట్టి, అక్కడనే గ్లాసులలో పోసి ఇత్తురు. మన రాష్ట్రమున 2009లో పుణే నగరమున 'డూలాలీ' అను సంస్థ ఈ పద్ధతికి నాంది పలికినది. మరుసటి యేడు బెంగుళూరు ఇందిరానగరమున 'టాయిట్' వెలసినది. తెలంగాణ ప్రభుత్వము 2015లో నియమములు ఏర్పరచిన పిమ్మట హైదరాబాదునను ఇవి వ్యాపించినవి. డూలాలీ యను పేరు వెనుక మన రాష్ట్రపు కథయే కలదు. నాసిక్ చెంత దేవ్‌లాలీ యను సైనిక శిబిరము గలదు. ఇంటికి పోవు ఓడ కొరకు అక్కడ నెలల తరబడి ఎదురుచూచి మతి చెదరిన తెల్ల సిపాయిలను బట్టి, ఆంగ్లమున ఆ మాటకు పిచ్చి యను అర్థము వచ్చినది. ఈ కథ విని మా పెద్దలు, "పేరు సరిగానే పెట్టుకొన్నారు" అని నవ్విరి.

ఇక మేము చూచిన స్థలము. శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు పోయితిమి. చీకటి గది, పొగ, అరపులు ఉండునని ఊహించితిమి, అట్టివేవియు లేవు. విశాలమైన వెలుతురు గల చావడి. ఒక ప్రక్క గాజు గోడ, దాని వెనుక మనిషి కంటె ఎత్తైన ఉక్కు పాత్రలు. బల్లల చుట్టును స్త్రీలు, పురుషులు; ఒకచోట తల్లిదండ్రులతో వచ్చిన పదేండ్ల పిల్లవాడు బంగాళాదుంప వేపుడు తినుచుండెను. త్రాగి తూలువాడొక్కడును కనబడలేదు. సాయంకాలము ఆరు గంటలకు ముందే మేము వెడలి వచ్చితిమని కూడ చెప్పుట న్యాయము.

అక్కడ బీరు వండు యువకుడు మరాఠీవాడు, రసాయనశాస్త్రము చదివినవాడు. మన పిల్లలు చెప్పి యుంచుటచే మమ్ము ఆదరముతో లోనికి గొనిపోయి పని యంతయు చూపించెను. మొదట మా అరచేతులలో పిడికెడు గింజలు పోసెను. అవి నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి వేచిన యవలు. బార్లీ యన్నను అదియే. నోట వేసికొన్న పేలాల వాసన, కొంచెము తీపి. ఈ గింజలను పగులగొట్టి సుమారు 65 డిగ్రీల వేడినీట గంటసేపు ఉంచిన, గింజలోని పిండి చక్కెరగా మారును. ఆ తీపి నీటిని వడగట్టి, హాప్స్ అను తీగె పువ్వులు వేసి మరియొక గంట కాతురు. బీరులోని చేదును పరిమళమును ఆ పువ్వులవే. పిమ్మట చల్లార్చి ఈస్టు కలిపిన, ఆ సూక్ష్మజీవి చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. 20 డిగ్రీల ప్రాంతమున వారము, రెండు వారములలో సిద్ధమగు జాతి యొకటి. ఇంకను చల్లని పాత్రలలో వారముల తరబడి నెమ్మదిగా పులియు జాతి మరియొకటి. పిప్పి పశువుల మేతకు పోవునట. ఏ బీరులో మద్యసారము నూటికెంతయో గోడమీది పలకపై వ్రాసి యుండెను.

మా పెద్దలు ఒక పాత్ర ప్రక్క నిలిచి, మూతి కడ వచ్చు వాసన చూచి, "ఇది మూడోనాటిదా?" అని అడిగిరి. యువకుడు చకితుడై పుస్తకము తిరుగవేసి, "నేటికి మూడు దినములు నిండినవి" అనెను. అప్పటి నుండి ప్రశ్నలు అడుగువాడు అతడును, చెప్పువారు మా పెద్దలును అయిరి. సాయంకాలము తాటి గెలకు లొట్టి కట్టుటయు, తెల్లవారుజామున దించుటయు, ఉదయము తియ్యగా నున్నది మధ్యాహ్నమునకు ఘాటెక్కి మరునాటికి పుల్లనై చెడుటయు వారు వివరించిరి. మీరు ఈస్టు ఎక్కడ తెత్తురని అతడడుగగా, "తెచ్చేదేముంది, గాలిలో ఉంటది, లొట్టిలో ఉంటది" అనిరి. లొట్టి లోపల సున్నము పూసిన పులియదు, అదియే నీరా యని చెప్పినప్పుడు ఆ యువకుడు దానిని పుస్తకమున వ్రాసికొనెను. కడపట, "ఆజోబా, మీరును మా వృత్తివారే" అని నమస్కరించెను.

తిరుగు ప్రయాణమున రైలులో మా పెద్దలు చాలసేపు మాటలాడలేదు. వార్ధా దాటిన పిమ్మట, "ఎనభై యేండ్లలో నన్ను ఆ మాట అన్నోడు వాడొక్కడే" అనిరి.

ఈ మాట మమ్ము కలచివేసినది. గాజు గోడ వెనుక నిలిచి యవలను పులియబెట్టువాడు నేర్పరి. నడుమునకు మోకు బిగించి, జారిన ప్రాణము పోవునని తెలిసియు తాడెక్కినవాడు మన నోళ్ళలో వట్టి కల్లుగీచువాడు. ఇద్దరి చేతులలోను పని ఒక్కటే: తీపిని పులుపుగాకుండ కాపాడి, పులియుటను హద్దులో నిలుపుట. మన చుట్టునున్న అడవిలో ఇప్పపువ్వు సంగతియు నిట్టిదే. సంస్కృత కవులు మధూకమని పొగడిన యా పువ్వు గోండుల ఇండ్లలో ఆహారము, ఔషధము, దేవుని నైవేద్యము. దాని నిలువకును రవాణాకును 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము అడ్డుకట్టలు వేసినది. పుణే పిల్లలు కొత్తగా కనుగొంటిమనుకొన్న విద్య వారి తాతల పెరటిలోనే యుండెను. దానిని వారికి చెప్పనిది మనము. హైదరాబాదు నెక్లెస్ రోడ్డున 2023లో నీరా కేఫ్ తెరచి ఆ వృత్తికి తెలంగాణము కొంత మర్యాద చేసినది. మన సంఘపు పుటలలో గీత వృత్తిని గూర్చి ఒక్క వ్యాసమైనను వచ్చినట్లు మాకు జ్ఞాపకము లేదు.

అయితే పాతదంతయు బంగారమని మేమనము. కల్లులో క్లోరల్ హైడ్రేటు, మత్తుబిళ్ళల పొడి కలిపి అమ్మిన పాపము మనకు తెలియనిది కాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వము కల్తీ కల్లును గట్టిగా అడ్డగించినప్పుడు, అలవాటు పడిన శరీరములు తాళలేక జనులు ఆసుపత్రుల పాలైరి. పుణేలో మేము మెచ్చినది బీరును గాదు. వండువాడు కన్నుల యెదుట నిలిచి యుండుట, అందేమున్నదో పలకపై వ్రాసి యుండుట. చెట్టు తెలిసి, గీచువాడు తెలిసి త్రాగిన నాటి కల్లునకు నీ గుణము ఉండెను. ఎవరు చేసిరో ఎరుగని సీసాకును సంచికిని అది లేదు.

ఇంతవరకు చూచినదియు మెచ్చినదియు. ఇక సంఘపు నిధి మాట.

మనము పుణేవారము కాము, చంద్రపూరువారము. ఈ జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుండి మద్యనిషేధము అమలైనది, 2021లో ఎత్తివేయబడినది. ఆ నిషేధము ఆకాశము నుండి ఊడిపడలేదు. 2010 చలికాలమున వేలాది స్త్రీలు చిమూరు నుండి నాగపూరు శాసనసభ దాక కాలినడకన పోయి కోరినది. ప్రక్కనున్న గడ్చిరోలిలో 1993 నుండియు నిషేధము నడచుచున్నది. మన తెలుగు నాట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము వలన 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ నిషేధమును వచ్చినవి. 1997లో అది సడలినది. రెండు చోట్లను మొదట నోరు విప్పినవారు స్త్రీలే. రెండు చోట్లను దొంగసారా, పొరుగు సీమల సరకు నిషేధమును తూట్లు పొడిచినవి. వార్ధా నది దాటిన యవత్మాళ్ జిల్లా, దక్షిణమునకు నడచిన తెలంగాణము, అడ్డేమున్నది? చట్టము ఉండవలెనా వలదా యను వాదమునకు మేమిప్పుడు దిగము. మన గని కాలనీలలోను మిల్లు కాలనీలలోను జీతపు దినమున గుమ్మమున నిలిచి ఎదురుచూచిన స్త్రీలు మన సంఘపు సభ్యులే యనునది మాత్రము మరువరాదు. ఉగాది నిధిలో వారి రూపాయయు కలదు.

'బీరు మద్యము క్రిందికి రాదు' అను మాట మన పిల్లల నోట వింటిమి, కొందరు పెద్దల నోటను వింటిమి. లెక్క చూడుడు. నూటికి 5 పాళ్ళ మద్యసారము గల బీరు అర లీటరు త్రాగిన 25 మిల్లీలీటర్ల మద్యసారము కడుపులోనికి పోవును. 60 మిల్లీలీటర్ల విస్కీలో ఉండునదియు దాదాపు అంతే. నూటికి 8 పాళ్ళు గల 'స్ట్రాంగ్' బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి, అట్టి రెండు పెగ్గులకు సమానము. మద్యపానమున ఆరోగ్యమునకు హాని లేని మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టముగా ప్రకటించినది. గాజు గోడ యెంత శుభ్రముగా నున్నను ఈ లెక్క మారదు. ఖరీదును చూడుడు: ఆ పుణే పానశాలలో మేమిచ్చిన గ్లాసు వెల 400 రూపాయలకు పైమాట. మన పట్టణమున దినకూలివాని ఒక దినపు సంపాదనకు అది అట్టే దూరము కాదు.

చట్టము మాటయు నొకటి కలదు. మన రాష్ట్రమున బీరు త్రాగుటకు 21 సంవత్సరములు నిండవలెను. పుణేలో నున్న మన పిల్లలలో పలువురు కళాశాల విద్యార్థులు, పదునెనిమిది పంతొమ్మిదేండ్ల వారు. పిలుపు అందరికి పంపి, గ్లాసు కొందరికే ఇచ్చు సమావేశము ఎట్టిది?

పిల్లలు మాకు మూడు సమాధానములు చెప్పిరి. వానిని యథాతథముగా వ్రాయుట ధర్మము.

మొదటిది: పానశాలలో హాలు అద్దె లేదు, పుణేలో కల్యాణమంటపముల అద్దె భరింపరానిది. ఇది నిజము. కాని అద్దె లేకున్నను తిండికిని పానీయములకును అయ్యెడు మొత్తము అద్దెను మించునని వారి లెక్కయే చెప్పుచున్నది.

రెండవది: త్రాగుమని ఎవరిని బలవంతపెట్టము, నిమ్మరసమును దొరకును. ఇదియు నిజము, మా ఉపాధ్యాయిని అదియే పుచ్చుకొన్నారు. కాని మన సభ్యులలో ఒకరిని ఎరుగుదుము. త్రాగుడు మాని ఆరేండ్లైనది. ఆ యింట మరల దీపము వెలిగినది. ఆయన కుమారుడు పుణేలో ఉన్నాడు. ఉగాదికి తండ్రిని పిలుచుకొని రాదలచినాడు. ఆయన ఆ చావడిలో కూర్చుండి నిమ్మరసము త్రాగుట ఎంత కష్టమో మనము ఊహింపలేము. ఆయన రాకుండిన, వచ్చిన నూరుగురి లెక్క మనకేల? పండుగ పందిరికి ద్వారము అందరికిని ఒక్క ఎత్తున నుండవలెను.

మూడవ సమాధానము విని మేము తల వంచుకొంటిమి. "మీ పెద్దలు పెండ్లిండ్లలో పందిరి వెనుక కారులో సీసా తెరచి, పందిరిలోకి వచ్చి మాకు నీతులు చెప్పెదరు. మేము వెలుతురులో కూర్చుండి చేయుదుమన్నది మీరు చీకటిలో చేయుచున్నారు. ఏది మేలు?" అని ఒక అమ్మాయి అడిగినది. మా యొద్ద ప్రత్యుత్తరము లేదు. ఇప్పుడును లేదు. ఆ పిల్లను మందలింపక, ఆ కారును మానుట యొక్కటే ప్రత్యుత్తరము కాగలదు.

కావున మా యభిప్రాయమిది. పానశాలకు పోవుటయు పోకుండుటయు వయసు వచ్చిన వారి సొంత విషయము. సొంత డబ్బుతో, సొంత పూచీపై పోయిన వారిని సంఘము నిందింపరాదు, వెలివేయరాదు. సంఘపు పేరును సంఘపు నిధియు మాత్రము అక్కడికి పోరాదు. అట్లని వట్టి నిరాకరణము వ్రాసి పంపుటయు మర్యాద గాదు. పుణేలో ఒక సాధారణమైన హాలునకు అగు అద్దె మొత్తమును ఉగాది నిధియే భరించుగాక. వారడిగినదానికంటె అది ఎక్కువ యైనను సరే. పచ్చడికి కొత్త బెల్లమును చింతపండును మనమే పంపుదము. మా ఉపాధ్యాయిని బీరులోని హాప్స్ చేదును గూర్చి విని, "మన వేపపువ్వు చేదు చవుక, ఆరోగ్యమునకు మేలు" అనిరి. ఆ పువ్వును ఆమెయే కోసి పంపెదనని మాట ఇచ్చిరి.

మరియొక్కటి. ఆ సమావేశమున మా పెద్దలచేత గీత వృత్తిని గూర్చి అరగంట మాటలాడింపవలెను. మోకు, లొట్టి, గీత కత్తి ఇవి ఏవియో మన పిల్లలలో ఎందరికి తెలియును? ఈ మాటలు మన ఇండ్ల నుండి పోవుచున్నవి. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది. సరిహద్దు మారినది గాని అక్కడి తాళ్ళు కదలలేదు, వాని పేర్లు తెలుగుననే యుండెను. మన భాష ఇక్కడ నిలుచుట కొక దారి, పని చేసిన చేతుల మాటలను నిలుపుకొనుట. ఆ బీరు వండు యువకుని కూడ అతిథిగా పిలువవలెనని మా కోరిక. అతడు తప్పక వచ్చును. వచ్చి ముందు వరుసలో కూర్చుండును.

తుది నిర్ణయము కార్యవర్గమునది. కాని ఓటు తీయుటకు ముందు మన ఇండ్ల స్త్రీల మాట వినవలెను. పదునైదుగురు గల కార్యవర్గమున స్త్రీలు ఇద్దరే యగుట వలన, వారి మాట అక్కడ పూర్తిగా వినబడదు. పాఠకులు తమ యభిప్రాయములను వచ్చే సంచిక లోపల వ్రాసి పంపుడు. తెలుగు లిపి రానివారు మరాఠీలో వ్రాసినను సరే, పిల్లలచేత వ్రాయించినను సరే. స్త్రీల ఉత్తరములను మొదట ప్రకటింతుము.